చెవికి మూత

మా వీధి చివర సైలెన్సర్లు చేసే మామ పోయాడన్న కబురు నాకు ఫోనులో అత్త చెప్పింది. మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. నేను పనిచేసే ఐటీఐ గేటు బయట నిలబడి ఉన్నాను. మొదటిసారి "మీ మామ ఎల్లిపాయనప్పా" అని మెల్లగా అన్నట్టుంది. సరిగ్గా అప్పుడే సైలెన్సర్ పీకేసిన బైకు ఒకటి నా పక్కనుంచి డబడబలాడుకుంటూ పోయింది. "ఏందత్తా?" అన్నాను. "మామ లేడప్పా" అంది. దాని వెనకే ఇంకో రెండు బైకులు. "ఇనపల్లేదత్తా, గట్టిగా సెప్పు" అని అరిచాను. అప్పుడామె కూడా అరిచింది. "సచ్చిపోయినాడప్పా మీ మామ! సచ్చిపోయినాడు!"

నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి చావును ఆమె రెండు మెత్తని మాటల్లో చెప్పుకోలేకపోయింది. గొంతు చించుకుని, ఇంట్లో ఎవరూ అనని మాటతో చెప్పాల్సి వచ్చింది. నాకు ఏడుపు కంటే ముందు రోత పుట్టింది. ఆ రోత ఇంకా పోలేదు. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మనసు మెత్తబడాలంటారు. నాది మెత్తబడలేదు, మీరు మన్నించాలి. అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఆయన గురించి మా ఊళ్లో ఇప్పటికే చాలా పెద్ద అక్షరాలతో ఒక అబద్ధం రాసి కట్టారు.

ఆయన నాకు చుట్టం కాదు. మా డోన్‌లో వీధికొక మామ ఉంటాడు, ఆయన మా వీధి మామ. రేకుల షెడ్డు, ఒక వెల్డింగ్ మిషను, గోడకు వేలాడే తుప్పు గొట్టాలు, అంతే ఆయన ఆస్తి. రైళ్లకూ లారీలకూ కూడలి అయిన ఊళ్లో మోతకు కొదవేముంటుంది? ట్రాక్టర్లు, ఆటోలు, పెళ్లిళ్లకు తిప్పే జనరేటర్లు, వేరుశనక్కాయలు వలిచే మిషన్ల ఇంజన్లు, అన్నీ ఆయన దగ్గరికి అరుచుకుంటూ వచ్చి గొణుక్కుంటూ పోయేవి.

షెడ్డు ముందు ఇంజను ఆపకుండా ఎవరు ఏం అడిగినా ఆయన బదులు పలికేవాడు కాదు. వినపడనట్టు ఊరికే నిలబడేవాడు. ఇంజను ఆపాక, "ఇప్పుడు సెప్పప్పా" అనేవాడు. చెప్పింది విని మళ్లీ స్టార్ట్ చేయించి, గొట్టం మూతికి అడుగు దూరంలో అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకునేవాడు. నాడి చూసే వైద్యుడి మాదిరి కాసేపు అట్లాగే ఉండి, జబ్బు ఎక్కడుందో చెప్పేవాడు. ఒక్కసారి కూడా తప్పు చెప్పగా నేను చూడలేదు.

రోహిణి కార్తె ఎండల్లో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకునేవాడు. సైలెన్సర్ డబ్బాలో శబ్దాన్ని మింగడానికి గాజు పీచు కూరుతారు. చూడ్డానికి అచ్చం దూదిలాగే ఉంటుంది, ముట్టుకుంటే ఒళ్లంతా దురద. అన్నం తింటూ గోక్కునేవాడు, మాట్లాడుతూ గోక్కునేవాడు. అత్త కొబ్బరినూనె గిన్నె తెచ్చి పక్కన పెట్టేది. "ఈయప్పకు పెండ్లాం కంటే దురద మింద పేమ" అనేది. ఆయన నవ్వేవాడు. నవ్వు కూడా చప్పుడు లేకుండానే, భుజాలు మాత్రమే కదిలేవి.

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పుకుంటే సిగ్గుచేటు, చెప్పకపోతే ఈ కథ నిలవదు. నేను పిల్లలకు ఫిట్టర్ పాఠాలు చెబుతాను. పాఠాలు చెప్పేవాడికి తనూ ఏదో ఒకటి చెయ్యాలన్న దురద ఉంటుంది కదా, నా దురద కారు. రాజంపేట దగ్గర బోల్తాపడిన ఒక పాత కారు ఇంజను తెచ్చి, చదరపు గొట్టాలతో చట్రం కట్టి, రేకు తొడిగి, ఎర్ర రంగు కొట్టి, మూడేళ్లకు రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చేశాను. కూర్చుంటే నడుము నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. రోడ్డు మీద తిప్పడానికి దానికి కాగితాల్లేవు, స్నేహితుడి నాపరాళ్ల ఫ్యాక్టరీ ఆవరణలో తిప్పుకునేవాణ్ని. వీధిలో వాళ్లు దానికి ఎర్ర బొద్దింక అని పేరు పెట్టారు.

ఒక ఆదివారం పొద్దున, మా ఇంటి ముందు దాన్ని మొదటిసారి స్టార్ట్ చేశాను. ఇంజను నుంచి వెనక దాకా తిన్నగా ఒక్కటే గొట్టం, మధ్యలో ఏ అడ్డూ లేదు. కావాలనే పెట్టలేదు. ఆ మోతకు కిటికీ అద్దాలు గలగలమన్నాయి, ఎదురింటి బర్రె తాడు తెంచుకుంది. నాకు మాత్రం ఒళ్లు పొంగిపోయింది. యాక్సిలరేటర్ తొక్కుతూనే ఉన్నాను. జనం మూగారు, ఫోన్లు ఎత్తారు. మా వీధి మొగదల బైకులకు సోకులు చేసే షాపు ఒకటి ఉంది. దాని ఓనరు అందరికంటే ముందు నిలబడి వీడియో తీశాడు.

మామ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. నన్ను అడగలేదు. వంగి, లోపలికి చెయ్యి పెట్టి, తాళం తిప్పేశాడు.

"ఏమప్పా, కారు సేసినావా, టపాకాయ సేసినావా?"

"స్పోర్ట్స్ కారు మామా. దీనికి సౌండే అందం."

"అందమా? మీ పక్కింట్లో పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తాండాది. ఇనపడ్నాదా నీకు?"

వినపడలేదు. ఇంజను ఆగాకే వినపడింది.

"నువ్వు యాడికి పోతాండావో నీకు తెలిస్తే సాలు. ఊరికంతా సాటింపు ఎయ్యల్నా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, నాకు మాత్రమే వినపడేటట్టు, "దేవుడు కంటికి రెప్ప ఇచ్చినాడు. నోటికి పెదిమలు ఇచ్చినాడు. సెవికి మూత ఇయ్యల్లేదప్పా. మరిసిపోయినాడేమో. ఆ మూతే నేను సేస్తాండేది" అన్నాడు.

ఆ రోజు నాకు కోపం వచ్చింది. నా పనితనం చూసి ఓర్వలేకపోయాడనుకున్నాను. ఎంత కుళ్లు బుర్ర చూడండి.

ఆ తర్వాత మా ప్రిన్సిపాల్ గారు, ఐటీఐలో పెట్టే ప్రదర్శనకు కారు తెమ్మన్నారు. "ఆ మోతతో మాత్రం తేవద్దు" అన్నారు. అప్పుడు మామ కడపలో కూతురి ఇంట్లో ఉన్నాడు. అవసరం నాది కాబట్టి కోపం దిగమింగి ఫోను చేశాను. ఆయన మాత్రం ఏమీ జరగనట్టే మాట్లాడాడు. "ఒక డబ్బా తీసుకో. నడిమద్దెన బెజ్జాల పైపు పెట్టు. సుట్టూ దూది గట్టిగా కూరు. సందు లేకుండా కూరల్ల, మర్చిపోవద్దు" అన్నాడు.

దూది అన్నాడు. నేను దూదే కూరాను.

పరుపులు కుట్టే అంగడికి పోయి మంచి పత్తి దూది, తెల్లగా పాలనురుగు మాదిరిది తెచ్చి, సందు లేకుండా కూరి, డబ్బా మూసి వెల్డింగ్ కొట్టాను. ఐటీఐలో పాఠాలు చెప్పే మనిషిని, పొగగొట్టంలో నిప్పులాంటి వేడి ఉంటుందని పిల్లలకు బోర్డు మీద గీసి చూపించే మనిషిని. పెద్దాయన చెప్పాడు కదా అని బుద్ధిని ఇంట్లో పెట్టి పోయాను. ప్రదర్శనలో మొదటి ఐదు నిమిషాలు కారు పిల్లి మాదిరి ఉండింది. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత వెనకనుంచి పొగ లేచింది, పరుపు కాలిన కంపు హాలంతా కమ్ముకుంది, నేను కంగారులో యాక్సిలరేటర్ తొక్కాను. నల్లగా కాలిన దూది ఉండ ఒకటి గొట్టంలోంచి ఎగిరి ప్రిన్సిపాల్ గారి తెల్ల చొక్కా మీద పడింది. ఆ తర్వాత చాలాకాలం పిల్లలు నన్ను చాటుగా దూది సారు అన్నారు.

కడప నుంచి వచ్చి, డబ్బా కోసి చూసి, మామ షెడ్డులో కింద కూర్చుండిపోయాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కళ్లలో నీళ్లు వచ్చాయి. నవ్వు ఆగాక కళ్లు తుడుచుకున్నాడు.

"తప్పు నాదేలే అప్పా. మాది దూదేకులోళ్ల ఇల్లు. మా నాయన పత్తికొండ తట్టు ఊర్లన్నీ తిరిగి దూది ఏకేటోడు. ఆ ఇల్లు మోగుతాంటే మాకు నిద్ర పట్టేది. అందుకే నాకు మెత్తగా తెల్లగా ఏముండినా దూదే."

మోగే 'ఇల్లు' అని ఆయన అన్నది ఇంటిని కాదు, దూది ఏకే విల్లును. ఆ వింటి నారి టంగుటంగుమనే చప్పుడొక్కటే ఆయనకు ఇష్టమైన మోత అని అప్పుడే తెలిసింది.

"నాకు తెలిసిన దూది రెండు" అన్నాడు చేతులు గోక్కుంటూ. "ఒకటి పరుపుకు, ఒకటి పైపుకు. మూడోది గూడా ఒకటుండాదిలే. దానికింకా టైముండాది."

నేను నవ్వేశాను. అత్త మాత్రం లోపలినుంచి, "నోరు కడుక్కోపో" అని కసిరింది.

తర్వాత ఆయనే నా కారుకు మూత చెయ్యడం మొదలుపెట్టాడు. నెలన్నర పట్టింది. లారీ గాలి ట్యాంకు ఒకటి కోసి రెండు డబ్బాలు చేశాడు. "కీచు సప్పుడును దూది తింటాది. లావు సప్పుడు దూదికి లొంగదు, దానికి గదులు కట్టల్ల" అన్నాడు. రెండో డబ్బాలో దూది లేదు, లోపల రేకు గోడలు పెట్టాడు. "గదిలోకి పోయిన సప్పుడు గోడకు కొట్టుకోని ఎనిక్కొస్తాది. ఎదురొచ్చే సప్పుడుతో కొట్లాడతాది. రెండూ సస్తాయి. మనం సేసేదేమీ లేదు, వాటి కొట్లాటకు సోటియ్యడమే." ఇదే సంగతి నేను పుస్తకంలో మూడు పేజీలు చదివాను. ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఆయన దగ్గర శబ్దం కొలిచే మిషను లేదు. అత్త ఉంది. పొగగొట్టానికి బారెడు దూరంలో నూనె డబ్బా బోర్లించి ఆమెను కూర్చోబెట్టేవాడు. ఒడిలో చాట, చాటలో కందిబేడలు. ఇంజను తిరుగుతుండగా ఆమె రోజూ మాట్లాడే గొంతుతోనే ఏదో ఒకటి అడగాలి, డ్రైవరు సీట్లోంచి నేను బదులు చెప్పాలి. ఆమె గొంతు పెంచిందంటే డబ్బా మళ్లీ కోసినట్టే. మూడుసార్లు కోశాడు. "ఇంత మటుకు సాల్లే మామా, బలం తగ్గిపోతాదేమో" అని నేను విసుక్కున్నాను. "సప్పుడు బలం గాదు. ఆడమనిషి గొంతు పెంచకుండా మాట్లాడే ఇల్లే ఇల్లు. బండికి గూడా అంతే" అన్నాడు. నాలుగోసారి ఇంజను తిరుగుతుండగా, వెనకనుంచి అత్త గొంతు, పక్కన కూర్చుని అన్నంత తేటగా వినపడింది.

"పొద్దున ఉగ్గానికి బొరుగులు లేవు. తెస్తావా అప్పా?"

"తెస్తానత్తా" అన్నాను.

మామ తొడమీద ఒక్క దెబ్బ వేసుకుని, తల తిప్పేసుకున్నాడు. ఆ రోజు బొరుగులు నేనే తెచ్చాను, మర్నాడు పొద్దున ఉగ్గాని ముగ్గురం తిన్నాం. నా జీవితంలో నేను చేసిన వస్తువు ఒకటి పూర్తయింది అనిపించింది ఆ ఒక్క పూటే.

కానీ నా కారు గొంతు తగ్గేలోపల ఊరి గొంతు పెరిగింది. షాపు ఓనరు తీసిన ఆ మొదటి వీడియో ఫోన్లలో తిరిగింది. కారు చేసుకోలేనివాడు బైకుకు సైలెన్సర్ పీకించుకున్నాడు. షాపులో సోకులు పోయి ఇదే వ్యాపారమైంది. పటాసులు పేల్చే గొట్టాలు, కుక్కను తన్నినట్టు కుయ్యిమనే గొట్టాలు. కొందరు మామ దగ్గరికే వచ్చి కొయ్యమన్నారు. "నా సేతుల్తో మూత పెట్టడమే తెలుసు, తియ్యడం తెల్దు" అని పంపించేశాడు. క్రమంగా ఎవరూ రావడం మానేశారు. తమ బండి మోత తాము వినడం కోసం ఆసుపత్రి ముందు, బడి ముందు ఆగి మరీ యాక్సిలరేటర్ తిప్పే మనుషులను చూస్తే నాకు అదే రోత. ఆకలైతే అరిచే కుక్క నయం. వీళ్ల అరుపుకు ఆకలి కూడా కారణం కాదు.

ఆరు నెలల కిందట మామకు గుండె జబ్బు ముదిరింది. కర్నూలులో డాక్టరు చూసి, మనిషికి నిద్ర కావాలి, ప్రశాంతంగా ఉంచండి అన్నాడు. ఉన్నదే రెండు గదులు. మంచం రోడ్డువైపు గదిలో. బైకు పటాసు పేల్చినప్పుడల్లా ఆయన చెయ్యి తనంతట తాను ఎగిరి రొమ్ము మీద పడేది. కళ్లు తెరిచేవాడు కాదు. కొన ఊపిరితో ఉన్న మనిషి కూడా ఆ మోతలోంచి జబ్బు పసిగట్టేవాడు. "దీనికి వాల్వు పోయింది" అనేవాడు. "ఇది మొన్న కోసిండేది, అంచు గూడా నున్నగా సెయ్యలే దరిద్రుడు" అనేవాడు. అత్త కిటికీకి దుప్పట్లు కట్టింది. ఆ ఎండలకు గది కుంపటి అయింది, మోత మాత్రం ఆగలేదు.

నేను షాపుకు పోయాను. అరవాలని పోయి, బతిమాలాను. ఈ వీధి ఒక్కటి వదలండి, రెండు నెలలు వదలండి అన్నాను. ఓనరు కుర్చీ కూడా చూపించాడు, మర్యాదకు లోటు లేదు. తర్వాత ఫోను తీసి, వేలితో పైకి పైకి తోసి, ఒక వీడియో నా ముందు పెట్టాడు. ఎర్ర కారులో కూర్చుని, పళ్లికిలించి, యాక్సిలరేటర్ తొక్కుతున్న వెధవను నేను.

"ఏమన్నా, మొదులు పెట్టింది నువ్వే గదా? ఇది సూసే నాకు ఐడియా వచ్చింది. నువ్వు నాకు గురువన్నా" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే అన్నాడు.

నాకు వాడి మీద ఉన్న అసహ్యం అంతా తిరిగి నా మీదికే వచ్చింది. నేరుగా మామ దగ్గరికి పోయి, జరిగింది చెప్పి, తల వంచుకుని కూర్చున్నాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండు.

"నీదొకటి మూత పెట్టినాం గదప్పా" అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "నా లెక్కకు అది సాలు." మళ్లీ, "కారు బాగుండాదా? దూది తడవకుండా సూసుకో" అన్నాడు. నాతో ఆయన మాట్లాడిన చివరి మాట అదే.

అంత్యక్రియల రోజు పొద్దున వీధి మొగదల ఫ్లెక్సీ కట్టి ఉంది. చచ్చినవాడి కళ్లు చారెడంటారు, మామకు కళ్లే కనపడకుండా నల్ల కళ్లద్దాలు పెట్టారు. వెనక మంటలు కక్కే బైకు బొమ్మ. కింద 'శబ్ద సామ్రాట్‌కు ఘన నివాళి'. నేను మొదట్లో చెప్పిన అబద్ధం ఇదే. ఫ్లెక్సీ కింద ఇరవై, ముప్పై బైకులు వరసగా నిలబడి ఉన్నాయి.

మామ వాళ్ల దూదేకుల ఇళ్లలో శవం వెంట మోత ఉండదు. పెదవులు కదిలేంత ప్రార్థన, నడిచే కాళ్ల చప్పుడు, అంతే. అదే మాట ఓనరుకు చెప్పాను.

"మామకు లాస్ట్ సౌండ్ ఇయ్యల్ల గదన్నా. బండ్లోళ్ల గౌరవం అది" అన్నాడు.

"ఆయప్ప బతికిందే దాన్ని తగ్గించేదానికి గదరా!"

వాడికి నిజంగానే అర్థం కాలేదు. నేను ఇంటికి పోయి కారు తీసుకొచ్చి వీధికి అడ్డంగా పెట్టి, దిగి, తలుపుకు ఆనుకుని నిలబడ్డాను.

"స్టార్ట్ సేసి పక్కకు తియ్యన్నా" అన్నాడు ఓనరు.

"స్టార్ట్‌లోనే ఉండాది" అన్నాను.

వాడు నమ్మలేదు. వెనక్కి పోయి, వంగి, పొగగొట్టం ముందు అరచెయ్యి పెట్టాడు. వేడి గాలి తగిలింది కాబోలు, ఒక్క క్షణం అట్లాగే ఉండిపోయాడు. అచ్చం మామ పెట్టినట్టే పెట్టాడు చెయ్యి. నాకు ఆశ పుట్టింది. ఆ తర్వాత లేచి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, పోయి తన బైకెక్కి, ఉన్నచోటనే యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పాడు. మిగతావాళ్లూ తిప్పారు. కారు దాటి వాళ్లు రాలేదు. రావాల్సిన అవసరం లేకపోయింది, మోత వచ్చింది.

ఆఖరి చూపుకు రమ్మని లోపలినుంచి ఎవరో చెయ్యి ఊపారు. కారు అట్లాగే వదిలేసి పోయాను. తెల్లగుడ్డలో మామ ముఖం ఒక్కటే తెరిచి ఉంచారు. ముక్కులో దూది, గుడ్డ అంచు కింద చెవుల్లో దూది. తల దగ్గర అత్త కూర్చుని ఉంది. నేను బారెడు దూరంలో కూర్చున్నాను. ఆమె ఆయన ముఖంలోకి చూస్తూ ఏదో అంది. ఆయనతో అన్నదో, నాతో అన్నదో. పెదవులు కదలడం చూశాను, బయట బైకులు పేలుతున్నాయి, మాట వినపడలేదు. "ఏందత్తా?" అన్నాను. ఈసారి ఆమె గొంతు పెంచలేదు. ఆయన తల పక్క గుడ్డను కొంచెం తప్పించి, చెవిలోని దూదిని చిటికెన వేలితో ఇంకా లోపలికి నొక్కింది. తర్వాత రెండో చెవిలోదీ నొక్కింది, సందు లేకుండా.